టూ హెచ్ నుంచి సిక్స్ బి దాకా

నేను బి.ఎఫ్.ఎ.లో చేరానని విన్న ప్రతి ఒక్కరూ ఓ క్షణం ఆగి, గొంతు సవరించుకుని, రవీంద్రనాథ్ ఠాగూర్ పేరెత్తారు. "ఆయన కూడా అరవై దాటాకే కదండీ బొమ్మల్లో పడింది!" నిజమే. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టేనాటికి ఆయనకి దాదాపు అరవై తొమ్మిదేళ్ళు. కాకపోతే అప్పటికే ఆయన ఖాతాలో ఒక నోబెల్ బహుమతి ఉంది. నా ఖాతాలో ఉన్నది ఓ ఆగస్టు పదిహేనున కలెక్టర్ గారి చేతుల మీదుగా పుచ్చుకున్న ప్రశంసాపత్రం. ఆ ఏడు మా డివిజన్‌లో ఒక్క కాలువ గట్టూ తెగలేదని ఇచ్చారు. ఆ ఏడు వరద రాలేదు.

ఠాగూర్ పేరెత్తేవాళ్ళ గొంతు ఎలా ఉంటుందంటే, ఆపరేషన్ అయినవాణ్ణి పలకరించడానికొచ్చి "మా బావమరిదికీ ఇదే అయింది, ఇప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతున్నాడు" అంటారే, అలా ఉంటుంది. నాకు జబ్బేమీ లేదు మహాప్రభో. కాలువల శాఖలో ఏఈగా చేరి, డీఈగా దిగిపోయి, అరవై ఒకటో ఏట ఖాళీగా ఉన్నాను, అంతే. మా కాలనీలో రిటైరైన మగవాడికి మూడు దారులు: పొద్దున నడక, సాయంత్రం ప్రవచనం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి అధ్యక్ష పదవి. మొదటిదానికి మోకాళ్ళు అడ్డం, రెండోదానికి నిద్ర అడ్డం, మూడోదానికి పోటీ ఎక్కువ.

బొమ్మలే ఎందుకంటారా? మాది రాజమండ్రి, దామెర్ల రామారావు గారి ఊరు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడాయన. ఆ కాస్త ఆయుష్షులోనే బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, ఊరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరు మీదున్న గ్యాలరీలో మనం నోరు తెరుచుకుని చూసే బొమ్మలన్నీ వేసేశాడు. ఆయన చేతిలో పనుందని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చిన్నప్పుడే పసిగట్టాడంటారు. నా చేతిలో ఉన్నదాన్ని మా నాన్న పసిగట్టాడు. లెక్కల నోట్సు వెనక అట్ట మీద నేను గీసిన బొమ్మలు చూసి, "గీత తిన్నగా వస్తోందిరా వీడికి" అని మురిసి, తీసుకెళ్ళి పాలిటెక్నిక్‌లో సివిల్‌లో చేర్చాడు. దొర ఉంటే ఏమయ్యేదో చెప్పలేను కానీ, మా నాన్న పుణ్యమా అని నెలనెలా పెన్షన్ వస్తోంది. ఆ పెన్షన్‌తోనే ఇప్పుడు రంగులు కొంటున్నాను.

ప్రాస్పెక్టస్ తిరగేస్తే వయసుకి కింద గీత ఉంది, పైన గీత లేదు. ఎవడూ రాడనే ధైర్యంతో వదిలేసి ఉంటారు. ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి వారపు సంత గీయమన్నారు. చుట్టూ ఉన్న పిల్లలు గాజుల దుకాణాలూ, కోళ్ళ గంపలూ, బేరమాడే అమ్మలక్కలూ గీసుకుపోతున్నారు. నా సంతలో మనుషులు తగ్గారు గానీ, మురుగు కాలువకి వాలు మాత్రం ఎక్కడా తప్పలేదు. సీటొచ్చింది. ఆ ఏడు దరఖాస్తులు సీట్లకన్నా తక్కువ పడ్డాయని కొన్నాళ్ళు పోయాక తెలిసింది. అప్పటికే స్వీట్లు పంచేశాం.

అడ్మిషన్ రోజున అసలు గొడవ ర్యాగింగ్ దగ్గర వచ్చింది. 2009 నుంచి యూజీసీ వాళ్ళ నిబంధన ఒకటుంది: నేనెవరినీ ర్యాగింగ్ చెయ్యనని విద్యార్థి ఒక అఫిడవిట్ ఇవ్వాలి, మావాడు చెయ్యడని తల్లో తండ్రో ఇంకొకటి ఇవ్వాలి. గుమాస్తా కుర్రాడు మర్యాదస్తుడే. కానీ రూలు రూలే.

"ఫాదర్ సంతకం కావాలండీ."

"పోయారు బాబూ."

"మదర్?"

"ఆవిడా పోయారు."

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో… అయితే గార్డియన్ చేత పెట్టించండి."

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు కాగితం పెట్టాను. చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, "మీ నడవడికకి నేను పూచీ పడనండీ. పెళ్ళినాడు ఒకసారి పడ్డాను, చాలు" అంది. ఆఖరికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసుకుంటున్న మా అబ్బాయి పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? ఫోన్‌లో క్లాసు పీకాడు. "నాన్నా, అటెండెన్స్ డెబ్బై ఐదు శాతానికి తగ్గకూడదు. స్నేహాలు చూసి చెయ్యండి. బండి మీద ముగ్గురెక్కద్దు." ప్రతి మాటా నాదే. వాడి ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ నేను దాచిపెట్టిన డబ్బు ఇప్పుడు వడ్డీతో సహా చేతికొచ్చింది.

అదీ అక్కడితో ఆగలేదు. గార్డియన్ నంబరని వాడి సెల్ నంబరిచ్చాం కదా, నేను క్లాసుకి వెళ్ళని రోజు వాడికి మెసేజ్ పోతుంది. పెన్షనర్లు ఏటేటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం ఓ పూట ఎగ్గొట్టాను. బతికే ఉన్నానని వేలిముద్ర వేసి బయటికొస్తున్నానో లేదో, మీటింగ్ మధ్యలోంచి ఫోను. "ఇవాళ కాలేజీకి వెళ్ళలేదట?" ప్రభుత్వం దృష్టిలో ఉన్నాను, యూనివర్సిటీ దృష్టిలో లేను. ఒకే మనిషికి ఒకే పూట ఇవి రెండూ ఎలా కుదిరాయో వాడికి వివరించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

క్లాసులో మొదట తేలాల్సిన సమస్య పిలుపు. మా డ్రాయింగ్ మాస్టారు నాకన్నా పాతికేళ్ళు చిన్న. గురువు కాబట్టి నేనాయన్ని సార్ అంటాను. పెద్దవాణ్ణి కాబట్టి ఆయన నన్ను సార్ అంటాడు. "సార్, ఈ గీత బిగుసుకుపోయింది సార్." "వదులు చెయ్యమంటారా సార్?" "చెయ్యండి సార్, భుజం నుంచి రావాలి సార్." కళ్ళు మూసుకుని వింటే ఎవరు ఎవరికి చెబుతున్నారో బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు. ఇక తోటి విద్యార్థులు. జుట్టు చివర్లకి నెమలి రంగేసుకున్న కుర్రాడు మొదటివారం అంకుల్ అన్నాడు. శ్రీకాకుళం నుంచొచ్చిన అమ్మాయి, "అంకులేటి, మర్యాద లేకండా" అని వాణ్ణి కసిరి, తాతగారూ అంది. నాకు అంకులే నయమనిపించింది.

వాళ్ళకి నా వల్ల ఉపయోగమూ ఉంది. హాస్టల్ నీళ్ళ గొడవైనా, బోనఫైడ్ సర్టిఫికెట్లైనా, ఆఫీసు గది ముందుకి వెళ్ళగానే పిల్లలంతా వెనక్కి జరిగి నన్ను ముందుకి తోస్తారు. తెల్లజుట్టు, ఇన్‌షర్టు, జేబులో రెండు పెన్నులు చూసి సూపరింటెండెంట్ లేచి నిలబడతాడు. ఏదో ఇన్‌స్పెక్షన్ కమిటీ అనుకుని ఓసారి కాఫీ కూడా తెప్పించాడు. నేను స్టూడెంట్‌నని తెలిశాక కాఫీ వెనక్కి అడగలేదు గానీ, అప్పట్నుంచి కుర్చీలోంచి లేవడం మానేశాడు.

పరీక్ష ఫీజు కట్టడానికి తణుకు నుంచి ఓ విద్యార్థి తండ్రి వచ్చాడు. నన్ను పక్కకి తీసుకెళ్ళి, "సార్, దాపరికం లేకుండా చెప్పండి. ఈ చదువు చదివితే మావాడికి ఉద్యోగమొస్తుందా?" అని అడిగాడు. ఆయన కళ్ళల్లో భయం చూసి నేను ప్రొఫెసర్‌ని కానని చెప్పబుద్ధి కాలేదు. "నేనూ ఇదే కోర్సండి. నాకు నెలనెలా పడుతోంది" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అబద్ధమేమీ చెప్పలేదు. ఆ కుర్రాడు నిజంగా బాగా గీస్తాడు. గేముల్లో రాక్షసులకి రూపాలు కట్టే పని ఉందట, అందులోకి వెళతానంటాడు. వీళ్ళకి ప్రతి గీత వెనకా బతుకు బెంగ ఉంది. నా గీత చెడితే చెడింది, పెన్షన్ కమ్యుటేషన్‌లో ఏ తేడా రాదు. ఈ సంగతి తెలిసే గాబోలు, మా మాస్టారు నన్ను వాళ్ళకన్నా ఎక్కువ తిడతాడు. సార్ అంటూనే.

ఇప్పుడు గీత సంగతి.

పెన్సిల్ ముక్కు అంటే గ్రాఫైట్‌లో బంకమన్ను కలిపి కాల్చిన పుల్ల. మన్ను పాలు పెరిగితే గట్టిపడుతుంది, తగ్గితే మెత్తబడి నల్లగా పలుకుతుంది. 1795లో కాంటె అనే ఫ్రెంచివాడు ఈ పద్ధతి పట్టాడు. గట్టివి హెచ్, నల్లవి బి. నా సర్వీసంతా హెచ్ వైపే గడిచిపోయింది. టూ హెచ్‌ని బ్లేడుతో సూదిలా చెక్కి, మినీ డ్రాఫ్టర్ ఆన్చి, ఊపిరి బిగబట్టి గీస్తే, వెంట్రుక కన్నా సన్నంగా, ఏ కోర్టులోనైనా నిలబడే గీత వచ్చేది. మాస్టారు నా చేతిలో సిక్స్ బి పెట్టాడు. అది పెన్సిల్ కాదు, కాటుక. ముట్టుకుంటే వేలికి, వేలి నుంచి ముక్కుకి, ముక్కు నుంచి తువ్వాలుకి. "కళ మీదీ, చాకిరేవు నాదీనా?" అంది మా ఆవిడ. అప్పట్నుంచి కాలేజీకి ముదురు రంగు చొక్కాలే.

ఇంకో దురలవాటు ఎం-బుక్కు. తెలియనివాళ్ళకి: పని జరిగిన చోట కొలతలు రాసుకునే పుస్తకం, మెజర్‌మెంట్ బుక్కు. మా శాఖలో భగవద్గీత తర్వాతది అదే. అందులో రబ్బరు ఆడకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. లేకపోతే ఆడిట్ వాడు ప్రాణం తోడేస్తాడు. ముప్పై ఏళ్ళకు పైబడ్డ అలవాటు ఒక్క సెమిస్టర్‌లో ఎలా పోతుంది? మొదటి అసైన్‌మెంట్‌లో అరటిగెల గీశాను. ఓ పండు వంకర పోయింది. అలవాటుగా అడ్డగీత కొట్టి, సంతకం చేసి, తేదీ వేశాను. మాస్టారు షీటు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "సార్, అరటిపండుని రద్దు చేశారా సార్?" క్లాసు గొల్లుమంది. నెమలి జుట్టువాడు ఆ వారమే నా పేరు ఎం-బుక్కు అని ఖాయం చేశాడు. తాతగారి కన్నా ఇది మేలని ఒప్పేసుకున్నాను.

తర్వాత స్టిల్ లైఫ్. బల్ల మీద గోనెపట్టా, దాని మీద ఇత్తడి చెంబు, పక్కన రెండు వంకాయలు. మిగతావాళ్ళు వెలుగు ఎటుంది, నీడ ఎటుంది అని కళ్ళు చికిలించి చూస్తుంటే నేను పని ముగించి చేతులు కట్టుకుని కూర్చున్నాను. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ప్లాను, ఎదురుగా ఎలివేషను, మధ్యకి కోసి చూపిస్తూ సెక్షను. అంచు మందం కూడా గుర్తించాను.

"సార్, చెంబు లోపల ఏముందో మనకి ఇక్కణ్ణుంచి కనబడట్లేదు కద సార్."

"కనబడకపోయినా ఉంటుంది కద సార్."

ఊరికే ఒప్పుకోవడం నా వల్ల కాదు. లైబ్రరీకి వెళ్ళి సాక్ష్యాలు పట్టుకొచ్చాను. ఈజిప్టువాళ్ళు ముఖం పక్కనుంచీ, కన్ను ఎదురు నుంచీ గీయలేదా? మన చేర్యాల నకాషీవాళ్ళు ఎర్రటి నేల మీద కథంతా అంతస్తులుగా పేర్చి, రాజునీ గుర్రాన్నీ కోటనీ ఎక్కణ్ణుంచి చూస్తే కనబడతాయో పట్టించుకోకుండా వెయ్యలేదా? కనబడేది కాదు, తెలిసింది గీశారు. నేనూ అంతే. మాస్టారు శ్రద్ధగా విన్నాడు. "బాగా పట్టారు సార్. కానీ చేర్యాల వాళ్ళకి ఆ కథ మొత్తం తెలుసు సార్. ఈ చెంబు కథ మీకేం తెలుసు సార్?"

చెంబుకి కథేమిటి? చిరాగ్గా ఇంటికొచ్చి, మా ఇత్తడి చెంబునే వంటింటి గట్టు మీద పెట్టి, ఈసారి అచ్చంగా కనబడేదే గీస్తానని పంతం పట్టి, రాత్రి దాకా కూర్చున్నాను. మెరుపు వచ్చింది, నీడ వచ్చింది. మా ఆవిడ వెనక నిలబడి చూసింది.

"ఏ చెంబిది?"

"ఎదురుగా ఉన్నదే."

"మరి సొట్ట ఏదీ?"

చూస్తే ఉంది. మెడ కింద, బొటనవేలు పట్టేంత. ఇంతసేపూ దాని మీదే చూపు పెట్టి కూర్చున్నాను, నాకు కనబడలేదు.

"1991 పుష్కరాల్లో కోటిలింగాల రేవు మెట్ల మీద మీ అమ్మగారు జారవిడిచారు. చెంబుకి సొట్ట, ఆవిడ కాలికి బెణుకు. వారంపాటు ఆముదం రాసి కట్టు కట్టాను. మీరు అప్పుడు డ్యూటీలో ఉన్నారు. బారికేడ్ల ఎస్టిమేట్లు."

ఒక్క మాట నా తరఫున చెప్పుకోవాలి. సొట్టలు గీయడం మా వృత్తిలో నేరం. డ్రాయింగ్ మంజూరుకి వెళ్ళేది వస్తువు ఎలా ఉందో చెప్పడానికి కాదు, ఎలా ఉండబోతోందో చెప్పడానికి. కాగితం మీద కాలువ గట్టు ఎప్పుడూ తెగదు, తూము తలుపు తుప్పు పట్టదు, బోదెలో గేదె పడుకోదు. సొట్టతో ఎస్టిమేటు పంపితే ఎస్ఈ గారి టేబుల్ దాటుతుందా?

ఆర్ట్ హిస్టరీ క్లాసు మాత్రం నాకు హాయి. కూర్చుని వినే పని. ఈజిప్టు మమ్మీలని పొడి చేసి, ఆ పొడితో ఓ గోధుమరంగు తయారుచేసి, 'మమ్మీ బ్రౌన్' అని యూరప్‌లో శతాబ్దాలపాటు అమ్మారట. అది నిజంగానే మనుషుల పొడి అని తెలిసి బర్న్-జోన్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు కంగారుపడి, తన దగ్గరున్న ట్యూబుని పెరట్లో గుంట తీసి పాతిపెట్టాడట. ఈ ముచ్చట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. నా డబ్బాలోని గోధుమరంగు ట్యూబులన్నీ ఆ రాత్రే బాల్కనీలోకి మారాయి. ఇది బర్న్ట్ సియెన్నా, ఒట్టి మట్టి, ఇటలీలో ఓ ఊరి పేరు మీద పిలుస్తారు అని ఎంత మొత్తుకున్నా, "ఏ ఊరి మట్టో, ఎవరి మట్టో" అని ఆవిడ పట్టు విడవలేదు.

అదే క్లాసులో లియొనార్డో డా వించి ఉద్యోగ దరఖాస్తు గురించి విని నిటారుగా కూర్చున్నాను. మిలాన్ పాలకుడికి 1482 ప్రాంతంలో పెట్టుకున్నాడట. తేలికపాటి వంతెనలు కడతాను, కోటలు పగలగొట్టే యంత్రాలు చేస్తాను, నీళ్ళని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్ళిస్తాను అని వరసగా చెప్పుకొచ్చి, ఆఖర్న, బొమ్మలు కూడా వేస్తాను అన్నాడట. అంటే ఏమిటి? ఆయన అసలు మా శాఖవాడు! డిప్యుటేషన్ మీద బొమ్మల్లోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఠాగూర్ పేరెత్తబోయిన పక్కింటాయనకి లియొనార్డోని తగిలించాను.

రెండో సెమిస్టర్‌లో లైఫ్ స్టడీ. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం. పారిస్ కబుర్లు ఎక్కడో చదివిన మా తోడల్లుడు గొంతు తగ్గించి, "అంటే… బట్టలవీ…?" అని అడిగాడు. ఉంటాయి. పంచె, చేతుల బనీను, భుజాన తువ్వాలు. మా మోడల్ నా ఈడువాడే. గంటకింతని ఇస్తారని ఎవరో చెబితే, వరి కోతలైపోయి ఖాళీగా ఉండి వచ్చాడు. మనిషి చక్కగా ఉన్నాడు, అంటే గీయడానికి. ఎండిన చెరువు అడుగులా ముఖం నిండా గీతలు. నేను బొగ్గు తీసుకుని నుదుటి నుంచి మొదలెట్టి ముక్కు దాకా వచ్చాను. అప్పటిదాకా కదలకుండా కూర్చున్నవాడు పెదాలు మాత్రం విప్పాడు.

"ఆయ్… తమరు లాకుల కాడ ఏఈ గారు కాదాండీ?"

బొగ్గు విరిగింది.

"మాది శివారండి. నీళ్ళు రాటల్లేదని అర్జీ ఎట్టుకున్నాం. తమరు పెద్ద కాయితం పరిచి సూపించారండి. ఆ కాయితంలో నీళ్ళు మా సేలోకి వచ్చేసినయ్యండి. నీలం బాణం గుర్తు కూడా ఏసేరు."

"పెద్దాయనా, నోరు కదపకండి" అన్నాడు మాస్టారు.

"కదపకపోతే ఎలాగండీ. అప్పుడు కదిపితేనే రాలేదు."

నేను ముక్కు వదిలి చెవి మీదికి వెళ్ళాను. డిజైన్ ప్రకారం ఆ బోదె వాలు సరిగ్గానే ఉంది, పైవాళ్ళు అడ్డుకట్టలు వేస్తే శాఖ ఏం చేస్తుంది అని మెల్లిగా చెప్పాను. అతను విన్నాడు. మోడల్ కదా, వినక తప్పదు. అయినా వాదన నెగ్గినట్టు అనిపించలేదు. అతని ముఖంలో అలాంటి సూచన ఏదీ లేదు, ఆ ముఖం నా చేతి కిందే ఉంది కాబట్టి గట్టిగా చెప్పగలను. అందుకని పెద్దవాళ్ళని సాయం తెచ్చుకున్నాను.

"చూడు పెద్దాయనా, లియొనార్డో అని మహానుభావుడు. అంతటివాడు ప్లాను గీసిచ్చినా కాలువలో నీళ్ళు పారలేదు. 1504 మాట."

"ఏ సెక్షన్ ఏఈ గారండీ?"

"ఇటలీ. ఫ్లారెన్స్ వాళ్ళకీ పీసా వాళ్ళకీ పడేది కాదు. నదిని పక్కకి మళ్ళించేసి, పీసాకి నీళ్ళు అందకుండా చేద్దామని తవ్వించారు. కాలువ తవ్వారు గానీ నది పాత దారినే పోయింది."

అతను కాసేపు ఆలోచించాడు. కనుబొమలు పైకి లేచాయి. వాటిని నేను అప్పుడే పూర్తిచేశాను, మళ్ళీ చెరపాల్సి వచ్చింది.

"నీళ్ళు అందకండా సెయ్యడం కూడా సేత కాలేదాండీ? మన డిపార్ట్‌మెంటోళ్ళని పిలవాల్సిందండి."

శ్రీకాకుళం అమ్మాయి డ్రాయింగ్ బోర్డు వెనక ముఖం దాచుకుంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు.

అర్జీ పెట్టుకున్న నాడు ఈ మనిషి నా టేబుల్ ముందు నిలబడే ఉంటాడు. అప్పుడు చూడాల్సింది కాగితం కాబట్టి కాగితం చూశాను. ఇప్పుడు పూటంతా ముఖం చూడాల్సి వచ్చింది, మార్కులున్నాయి కనక. ఎడమ కనుబొమ మధ్యలో ఒకచోట వెంట్రుకల్లేవు. కింది పెదవి ఒకవైపు బిగుసుకుని ఉంది. చెంబు అనుభవం మనసులో ఉంది కాబట్టి ఏదీ వదల్లేదు. గంట కొట్టాక మాస్టారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. "సార్, ఇది ఎలివేషన్ కాదు సార్" అన్నాడు. ఆయన నోటంట అంతకుమించిన మెప్పు ఆ కాలేజీలో ఎవరికీ రాలేదు.

మోడల్ కూడా లేచొచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తన బొమ్మ చూసుకున్నాడు.

"నేనింత కోపంగా ఉన్నానాండీ?"

"ఉన్నారండీ."

"అయితే బానే కుదిరిందండి."

ఆ తర్వాత ల్యాండ్‌స్కేప్ అసైన్‌మెంట్ వచ్చింది. ఊరి బయటికి వెళ్ళి చూసింది చూసినట్టు గీసుకురమ్మన్నారు. పిల్లలంతా గోదావరి, పడవలు, సూర్యాస్తమయం అని కొవ్వూరు వంతెన వైపు వెళ్ళారు. నేను పెద్దాయన వెంట వాళ్ళ శివారుకి వెళ్ళాను. దారిలో ఓ ఊరి మొగలో గుర్రం మీద కాటన్ దొర విగ్రహం ఉంది. మా గోదావరి డెల్టాలో ఆయన విగ్రహాలకి కొదవ లేదు. నాకు విగ్రహం పెట్టే ఆలోచన ఎవరికైనా ఉందేమోనని పెద్దాయన్ని అడగలేదు.

బోదె గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని ఉన్నదున్నట్టు గీశాను. తూము తలుపు తుప్పు పట్టి సగంలో ఇరుక్కుంది. గుర్రపుడెక్క గట్టు నుంచి గట్టుకి పరుచుకుంది. ఎవరిదో ఇంజిను పైపు అడ్డంగా పడుంది. మేము పాతిన హద్దురాయి మీద ఒకావిడ బట్టలు బాదుతోంది. మిగిలిన నీళ్ళల్లో, సరిగ్గా నీలం బాణం గుర్తు ఉండాల్సిన చోట, ఓ గేదె కళ్ళు మూసుకుని పడుకుంది. దాని వీపు గీత ఒక్క ఊపులో వచ్చింది, సిక్స్ బి, భుజం నుంచి. ఆ గీతకి మాస్టారు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులేశాడు.

మార్కులొచ్చాయి కాబట్టి బొమ్మ ఖాళీ. పెద్దాయన మళ్ళీ అర్జీ రాసిపెట్టమన్నాడు. అర్జీలు చదవడమే తప్ప రాయడం తెలియని వాణ్ణి, పట్టుమని నాలుగు వాక్యాలు రాసి, బొమ్మ జిరాక్సు తీయించి జతచేసి పంపాను. ఇప్పుడక్కడున్న ఏఈ నా కింద పని నేర్చుకున్న కుర్రాడే. బుద్ధిమంతుడు, నేను చెప్పింది ఒక్క ముక్క మరిచిపోలేదు. అర్జీ మూడోవారంలో తిరిగొచ్చింది, ఎర్రసిరాతో:

"జతపరిచిన డ్రాయింగ్ స్కేలుకి లేదు. ప్లాను, లాంగిట్యూడినల్ సెక్షను, క్రాస్ సెక్షన్లతో మరల సమర్పించవలెను. గేదెను తొలగించవలెను."

పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గేదె మాదేనండి. తోలేస్తాను. తోలేస్తే నీళ్ళొత్తాయాండీ?"